పది రోజుల సెలవులో విశాఖ

సింగపూర్‌లో ఉద్యోగికి చట్టం ఇచ్చే వార్షిక సెలవు మొదటి ఏడాది 7 రోజులు. ఏటా ఒక్కో రోజు పెరుగుతూ ఎనిమిదో ఏడాదికి 14 రోజులకు చేరి అక్కడితో ఆగిపోతుంది. నేను అక్కడ ఓడల మరమ్మతు యార్డులో పైపు వెల్డరుగా చేరి 13 ఏళ్లు కావస్తోంది కనుక ఆ 14 రోజులూ నా లెక్కలో ఉన్నాయి. కానీ డాక్‌లోకి వచ్చిన ఓడ మళ్లీ ఏ తేదీన నీటిలోకి దిగాలో ముందే ఖరారై ఉంటుంది కాబట్టి, ఒక ఓడ వెళ్లి ఇంకొకటి వచ్చేలోగా దొరికే సందులోనే మా సెలవులు ఇమడాలి. ఈసారి అలా ఒక్క విడతగా దొరికినవి 10 రోజులు. మార్గశిర మాసంలో వస్తున్నానని తెలిసి అమ్మ సంతోషించింది. అమ్మవారి నెలలో నేను ఇంట్లో ఉండి ఆరేళ్లయిందని ఆమె లెక్క.

నేరుగా వచ్చే విమానం నాలుగు గంటల్లో విశాఖలో దింపుతుంది. గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి కనుక, వచ్చేటప్పుడు ఆ రెండున్నర గంటలు ఎవరో కొసరు వేసినట్టు అనిపిస్తుంది; వెళ్లేటప్పుడు వాటినే తిరిగి తీసుకుంటారు. నా తరహా పర్మిట్ మీద కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లే వీలు లేదు కాబట్టి నా భార్యా, ఇద్దరు పిల్లలూ మల్కాపురంలో అమ్మానాన్నలతోనే ఉంటారు. నేను ఇంటికి చేరేసరికి పిల్లలు మేలుకునే ఉన్నారు. అన్నం తినడం పూర్తికాకముందే మా అమ్మాయి నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో 10 గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో రోజును రాసి ఉంచింది: కురుసుర, కైలాసగిరి, జూ, అరకుకు రెండు రోజులు, విజయనగరంలో మా అక్కగారి ఇల్లు, సింహాచలం, బురుజుపేట అమ్మవారు. నా స్నేహితులకు ఒక సాయంత్రాన్ని కేటాయించి, ఆఖరి గీతను మాత్రం ఖాళీగా వదిలింది. మా యార్డులో డాకింగ్ షెడ్యూలు కూడా ఇంత కట్టుదిట్టంగా ఉండదు.

ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినా నేను కురుసుర జలాంతర్గామి లోపలికి ఎన్నడూ అడుగుపెట్టలేదంటే పిల్లలు నమ్మలేదు. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామిని రామకృష్ణా బీచ్ ఒడ్డుకు చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచినప్పుడు నేను కంచరపాలెం ఐ.టి.ఐ.లో చదువుతున్నాను. టికెట్టుకు పెట్టే డబ్బుతో ఇద్దరికి మురీ మిక్స్చర్ వస్తుందని మేము దాని నీడలోనే కూర్చుని తిని, సముద్రాన్ని చూసి ఇళ్లకు వచ్చేసేవాళ్లం. సొంత ఊళ్లో ఉన్నది ఎక్కడికీ పోదన్న ధీమా కూడా ఉండేది. చివరికి ఊరు వదిలి వెళ్లింది నేను.

లోపలికి వెళ్లిన తరువాత నా కన్ను నా చెప్పుచేతల్లో లేదు. ముందు భాగంలో ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలున్నాయని, మొత్తం 22 టార్పెడోలు మోసేదని, 1971 యుద్ధంలో పాల్గొన్నదని అక్కడి మాజీ నావికుడు చెబుతుంటే అందరూ ఆయన చెయ్యి చూపిన వైపు చూస్తున్నారు. నేను మాత్రం తల మీదుగా పోతున్న పైపులనూ, వాటి వంపులనూ, ఫ్లాంజీ (రెండు పైపులను కలిపి బిగించే అంచు చక్రం) వెనుక చెయ్యి దూరని చోట కూడా చక్కగా కుదిరిన అతుకులనూ చూస్తున్నాను. గది నుంచి గదికి వెళ్లాలంటే గుండ్రని ద్వారంలోంచి నడుము వంచి, కాలెత్తి దాటాలి. అక్కడికి వచ్చినవారంతా తల తగిలించుకుని నవ్వుకుంటున్నారు. నేను ఆగకుండా దాటుకుంటూ పోవడం గమనించిన మా అబ్బాయి, "నాన్నా, నీకిది ముందే వచ్చా?" అని అడిగాడు. ఓడ అడుగున ఉండే ట్యాంకుల్లోకి దిగే మనుషుల ద్వారాలు ఇంతకన్నా ఇరుకుగా ఉంటాయని, దిగే ముందు లోపలి గాలిని మీటరుతో పరీక్షిస్తారని, మేము లోపల ఉన్నంతసేపూ ద్వారం దగ్గర ఒక మనిషి మా పేర్లు రాసుకుని కాపలా కూర్చుంటాడని వాడికి చెప్పాను. సుమారు 75 మంది నెలల తరబడి మంచాలు వంతులు వేసుకుని పడుకున్న చోటు అది. మాకు ట్యాంకులోంచి పైకి వస్తే ఆకాశం ఉంటుంది. వాళ్లకు అదీ లేదు. సందర్శన 20 నిమిషాల్లో ముగిసింది. రోడ్డుకు అటువైపు ఉన్న టీయూ 142 విమానాన్ని కూడా చూశాం గానీ, దాని గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. విమానం నా చేతికి పరిచయం లేని వస్తువు.

బయటికి వచ్చాక మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఆ పది రోజులూ నన్ను వదలలేదు. "నువ్వు పనిచేసే ఓడను కూడా ఇలా చూపిస్తారా? కనీసం ఫోటో ఉందా?" లేదు. యార్డు గేటు దగ్గర మా ఫోన్ల కెమెరాల మీద స్టిక్కరు అంటిస్తారు. ఆదివారాలు టెక్కా మార్కెట్టు దగ్గర, పెరుమాళ్ గుడి ముందు, మూడు బురుజుల మీద ఓడను నిలబెట్టినట్టుండే మెరీనా బే హోటలును వెనకేసుకుని తీసుకున్న ఫోటోలే ఇంటికి చేరాయి. వాటిని చూసినవాళ్లకు నేను 13 ఏళ్లుగా విహారయాత్రలో ఉన్నట్టే కనబడుతుంది. మా చిన్న బావ మొన్నామధ్య నాలుగు రోజుల ప్యాకేజీలో సింగపూర్ వచ్చి నేను చూసినదానికన్నా ఎక్కువే చూసి వెళ్లాడు. సెంటోసా దీవికి ఎలా చేరాలో ఆయనే నాకు చెప్పాడు కూడా.

అరకు ప్రయాణానికి నాన్నను బలవంతాన బయలుదేరదీశాం. కిరండూల్ రైలుకు తగిలించిన అద్దాల పెట్టెలో పిల్లలు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక ఒకరి లెక్క మీద ఒకరు తగవులాడుకుని వదిలేశారు. ఒక చిన్న స్టేషనులో మా బండిని పక్కకు నిలిపి, ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకొస్తున్న గూడ్సు బండికి దారి ఇచ్చారు. అంతవరకు కునికిపాట్లు పడుతున్న నాన్న నిటారుగా కూర్చుని, పెట్టెలు లెక్కపెడుతున్నట్టు వేలు కదిలించడం చూశాను. ఈ కొండల్లో రైలు మార్గం వేసింది మనం అందాలు చూడటానికి కాదు. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో దీన్ని నిర్మించారు. బాహ్య నౌకాశ్రయం 1976లో మొదలైన రోజుల్లో ఖలాసీగా చేరిన నాన్న, ఆ ఖనిజం ఓడలకెక్కే బెర్తుల దగ్గరే ఉద్యోగ జీవితమంతా గడిపాడు. సాయంత్రం ఆయన చొక్కా విప్పి దులిపితే గుమ్మంలో ఎర్రటి పొడి రాలేది. దాన్ని తొక్కి ఇంట్లోకి వస్తే అమ్మ కేకలు వేసేది. "ఈ మట్టి ఏడ నుంచి వస్తాదో ఇన్నాళ్లకి సూశాన్రా" అన్నాడు ఆయన. పదవీ విరమణ చేసి 13 ఏళ్లు అయినా, ఆ రైలు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి.

బొర్రా గుహలూ, బొంగు చికెనూ, పొలాల నిండా పసుపు ఆరబోసినట్టు పూసిన వలిసెలూ పిల్లలు కోరుకున్నట్టే దొరికాయి. వాటి ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కనుక ఇక్కడ వర్ణించను. నాన్న వేలు కదిలిన ఆ నాలుగు నిమిషాలను మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు.

స్నేహితులకు కేటాయించిన సాయంత్రం సింధియాలో గడిచింది. ఆ పేట పేరు వెనుక 1941లో ఇక్కడ ఓడల నిర్మాణానికి శంకుస్థాపన చేయించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఉంది. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీటిలోకి దిగింది ఈ యార్డులోనే. ఓడ పని నేర్చినవాడికి ఇంటికి కూతవేటు దూరంలో ఇంత చరిత్ర ఉండగా, నాలుగు గంటలు విమానంలో వెళ్లి అదే పని ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడగవచ్చు. ఐ.టి.ఐ.లో నా పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు అడిగాడు కూడా. అతను ఊళ్లోనే ఒక పెద్ద కర్మాగారంలో కాంట్రాక్టు ఫిట్టరు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, దాని చుట్టూ తిరుగుతూ అతకవలసిన 6జీ పరీక్షలో నాకన్నా మంచి మార్కులు తెచ్చుకున్నవాడు.

ఓవర్‌టైముతో కలిపి నెలకు ఎంత వస్తుందో చెప్పాను. ఓవర్‌టైముకు నెలకు 72 గంటల పరిమితి ఉందని, అందులో మా వంతు ఎప్పుడూ పూర్తి చేస్తామని కూడా చెప్పాను. ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికి మొదటి రెండేళ్ల సంపాదన పోయిన సంగతి మాత్రం చెప్పలేదు. అది అతనికి ఎలాగూ తెలుసు, నాకు డబ్బు సర్దిన నలుగురిలో అతనొకడు. అతను టీ గ్లాసు పక్కన పెట్టి, "నాకు పదిహేనో తారీకు దాకా జీతం రాదు. ఆర్నెల్లకోసారి ఉంచుతారో తీసేస్తారో తెలీదు. కానీ సాయంత్రం ఆరింటికల్లా ఇంటికెళ్లిపోతాన్రా" అన్నాడు. గొప్పగా చెప్పుకున్నాడో, బాధపడ్డాడో ఆ గొంతును బట్టి పోల్చుకోలేకపోయాను. మరునాడు తెల్లవారుజామున అతనే బండి మీద వచ్చి నన్ను ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్లాడు. రాత్రంతా వేట చేసిన బోట్లు బారులు తీరి ఉన్నాయి; మంచు ముక్కల మధ్య కోనాం, చందువ, రొయ్యలు వేలానికి పడుతున్నాయి. బేరం చేసింది అతను. నేను అడిగి ఉంటే రెట్టింపు ధర చెప్పేవారని, నా చెప్పులు చూస్తేనే ఫారిన్ నుంచి వచ్చినట్టు తెలిసిపోతోందని అన్నాడు.

గురువారం బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి తెల్లవారకముందే వరుసలో నిలబడ్డాం. గర్భగుడికి పైకప్పు లేని ఆ ఆలయంలో భక్తులు తమ చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. అమ్మ తన మొక్కు తీర్చుకునేటప్పుడు నా చేతిని కూడా పట్టుకుని ముందుకు నడిపించింది. అగ్గిరవ్వలు పడి మచ్చలు తేలిన ఆ చేతిని ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కుంకుమ పోసింది. విజయనగరంలో అక్కగారింట్లో రెండు పూటల భోజనం ఒకే పూటలో తినవలసి వచ్చింది. సింహాచలంలో చందనం పూతలో ఉన్న స్వామినే మళ్లీ చూశాను. నిజరూప దర్శనం వైశాఖ మాసంలో ఏడాదికి ఒక్కరోజే కనుక, నా సెలవుకూ ఆ తిథికీ ఇంతవరకు పొసగలేదు.

ఖాళీగా వదిలిన ఆఖరి గీతను నాన్న అడిగి తీసుకున్నాడు. పాత ఊరి దగ్గర, రేవు ముఖద్వారం పక్కన మూడు గుట్టలున్నాయి: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద చర్చి, మరొకదాని మీద దర్గా. గుడి ఉన్న గుట్ట మెట్లు ఆగి ఆగి ఎక్కి, పైన గోడ మీద కూర్చున్నాం. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో ఓడలు లోపలికి వచ్చే కాలువ. 1933లో ఈ రేవు తెరవడానికి ముందు, అలల పోటును ఆపడానికి రెండు పాత ఓడలను ముఖద్వారం దగ్గర ముంచారని తన మేస్త్రీ చెప్పగా విన్న కథను నాన్న పిల్లలకు చెప్పాడు. తరువాత తాను పనిచేసిన బెర్తులు ఉన్న దిక్కు చూపించాడు. నేను చూపించడానికి అక్కడ ఏమీ లేదనుకుంటూ ఉండగా, ముందొక టగ్గు, వెనకొక టగ్గు నడిపిస్తుండగా ఒక సరుకు ఓడ కాలువలోంచి బయటికి వచ్చింది. సరుకు దించేసి తేలికైందేమో, నీటి గీత బాగా పైకి తేలింది. అడుగు భాగమంతా పాచి పట్టి, లంగరు గొలుసు దగ్గర తుప్పు చారలు కట్టి ఉంది.

ఐదేళ్లలో రెండుసార్లు ప్రతి ఓడ అడుగునూ తనిఖీ చేయించాలని, దీని వాలకం చూస్తే ఆ గడువు దగ్గరపడినట్టే ఉందని చెప్పాను. ముందుగా పాచి గీకుతారని, ఆ తరువాత పలకలు కోసి కొత్తవి వేస్తారని, మా ముఠా లోపల పైపుల దగ్గర ఎక్కడ ఉంటుందో, నేను ఏ ద్వారంలోంచి దిగుతానో వేలితో చూపించాను. మా అమ్మాయి నా వేలి వెంట చూసి, తన ఫోనుతో ఆ ఓడను ఫోటో తీసింది.

"ఏడకెల్తాదిరా ఇప్పుడిది?" అని నాన్న అడిగాడు.

"చెప్పలేం నాన్నా. మా వైపే రావచ్చు."

ఓడ కొండ మలుపు దాటి కనుమరుగయ్యేదాకా నాన్న లేవలేదు. ఆ రాత్రి విమానానికి ఇంకా ఆరు గంటలు ఉంది. ఇంటి దగ్గర అమ్మ కందిపొడినీ, మాడుగుల హల్వానూ తూకం చూసి సూట్‌కేసులో సర్దుతూ, ఎక్కడున్నారని రెండుసార్లు ఫోను చేసింది.