తిరుపతిలో కొత్త లాడ్జి కమిషనింగ్: నా అనుభవం

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, సెల్లారు మీద ఆరంతస్తులు, 80 గదులున్న లాడ్జి అది. యజమాని తరఫున కమిషనింగ్, అంటే కట్టిన ప్రతి వ్యవస్థా అనుకున్నట్టు పనిచేస్తోందో లేదో పరీక్షించి అప్పగించే పని, నేను చూశాను. రంగులు పడ్డాక నాలుగు స్విచ్చులు వేసి చూసే పని అని చాలామంది అనుకుంటారు. అసలు పని డ్రాయింగులు చేతిలో ఉన్నప్పుడే మొదలవ్వాలి.

మొట్టమొదట యజమానిని కూర్చోబెట్టి ఆయనకేం కావాలో అంకెల్లో రాయించాను. ‘24 గంటలూ వేడినీళ్ళు’ అనేది బోర్డు మీద రాసుకునే మాట. ‘తెల్లవారుజామున 2.30కి ఆరో అంతస్తు చివరి గదిలో కొళాయి తిప్పితే నిమిషంలోపు 45 డిగ్రీల నీళ్ళు రావాలి’ అంటే పరీక్ష పెట్టొచ్చు. కరెంటు పోయిన ఎన్ని సెకన్లకి లిఫ్టు కదలాలి, మే నెలలో గది ఎంత చల్లగా ఉండాలి, సెల్లారులోకి వాననీళ్ళొస్తే ఏ మోటారు ముందు ఆడాలి, అన్నీ కలిపి మూడు పేజీలైంది. తర్వాత కాంట్రాక్టర్లతో వచ్చిన తగాదాలు చాలావరకు ఆ మూడు పేజీలు చూపిస్తేనే తెగాయి. వాటిని టెండరు కాగితాల్లోనే కలపాలి. పరీక్షలకి మనుషులెవరు, గేజీలెవరివి, డీజిల్ ఎవరు పోయాలి అన్నది ముందు రాసుకోకపోతే చివర్లో ఎవరూ చెయ్యి కలపరు.

గోడలు మూసేలోపు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. కొళాయి లైన్లు మామూలుగా పనిచేసే ప్రెషర్ 4 బార్ (బార్ ఒత్తిడి కొలత). దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 బార్ ఎక్కించి రెండు గంటలు నిలిపాం. టైల్స్ వేశాక ఈ పని పెట్టుకుంటే లీకు సంగతి కింది గది సీలింగు చెప్పాల్సిందే. వైరింగుకి 500 వోల్టుల మెగ్గర్, అంటే వైరు తొడుగు కరెంటుని ఎంత గట్టిగా ఆపుతోందో చూపే మీటరు. అది 1 మెగాఓమ్‌కి తగ్గకూడదు. కొత్త వైరింగు దానికి ఎన్నో రెట్లు చూపాలి, అంచు మీద ఆగిందంటే పైపులో తడి ఉన్నట్టు, లేదా లాగేటప్పుడు తొడుగు చీరినట్టు. మెగ్గర్ పెట్టేముందు ఎల్ఈడీ లైట్లు, సెన్సర్లు విప్పకపోతే అవి కాలిపోవచ్చు.

లీకులు తెలియడానికి ఏసీ రాగి పైపుల్లో నైట్రోజన్ 40 బార్ దాకా ఎక్కించి 24 గంటలు ఉంచాలి. ఇక్కడే ఒక గొడవ వచ్చింది. సాయంత్రం 40 ఉన్న గేజీ పొద్దున్నే 38.7 చూపింది. లీకు అని ఒకరు, గేజీ తప్పని ఇంకొకరు. రెండూ కాదు. ఆ ప్రెషర్ దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు 0.13 బార్ మారుతుంది, రాత్రి వేడి 10 డిగ్రీలు తగ్గింది. గేజీతోపాటు పైపు ఉష్ణోగ్రత కూడా రాసుకుంటే ఈ వాదన ఉండదు. ఆ తర్వాత పైపుల్లో గాలి, తడి పోయేలా 500 మైక్రాన్ల (మైక్రాన్ ఇక్కడ వాక్యూమ్ కొలత) దాకా వాక్యూమ్ తీసి, అది నిలిచాకే గ్యాస్.

నన్ను ఎక్కువ పరీక్షించింది వేడినీళ్ళే. మామూలు హోటల్లో స్నానాలు ఆరు నుంచి తొమ్మిది దాకా సాగుతాయి. ఇక్కడ దర్శనానికి వచ్చినవాళ్ళు రెండున్నర, మూడింటికే లేచి ఇంటిల్లిపాదీ స్నానాలు కానిచ్చి కొండకు బయల్దేరతారు. పైగా సోలార్ నీళ్ళు ఆ వేళకి రాత్రంతా చల్లారి ఉంటాయి. లెక్క వేశాను: 80 గదులు, గదికి ముగ్గురు, మనిషికి 40 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లు, మొత్తం 6,000 లీటర్లు. చలికాలం ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలనుకుంటే, కలపడానికి 60 డిగ్రీల నీళ్ళు సుమారు 2,840 లీటర్లు కావాలి. డ్రాయింగులో ఉన్న 3,000 లీటర్ల ట్యాంకు చాలినట్టే కనిపిస్తుంది. కానీ చన్నీళ్ళు అడుగున చేరుతుంటాయి కాబట్టి ట్యాంకులో ముప్పావు వంతే పనికొస్తుందని నేను లెక్క కడతాను, అంటే 2,250. అందుకని 4,000కి పెంచి, హీట్ పంపు (బయటి గాలిలోని వేడి లాగి నీళ్ళు కాచే యంత్రం) రాత్రి 11కి మొదలై రెండింటికల్లా 60 డిగ్రీలకి తెచ్చేలా పెట్టించాం.

అయినా పరీక్ష రోజు తెల్లవారుజామున ఆరో అంతస్తులో కొళాయి తిప్పితే ఆరు నిమిషాలు చన్నీళ్ళే. ట్యాంకు దగ్గర థర్మామీటరు 60 చూపిస్తోంది! వెతికితే రెండు తప్పులు. వేడినీళ్ళని లైన్లో తిప్పుతూ ఉండే రిటర్న్ పంపు టైమరు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఆపి ఉంది. కరెంటు ఆదాకి బిగించినవాళ్ళు అలవాటుగా పెట్టే సెట్టింగు అది, మన ఊరికి సరిగ్గా అడ్డం. రెండోది, ఆరు నిలువు లైన్లకీ నీళ్ళు సమంగా పంచే బ్యాలెన్సింగ్ వాల్వులు పూర్తిగా తెరిచి వదిలేశారు, దగ్గరి లైనే నీళ్ళన్నీ లాగేసుకుంటోంది. దగ్గరివి కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతి రిటర్న్ 50 డిగ్రీలకి తగ్గకుండా వచ్చేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. బోరు నీళ్ళ కాఠిన్యం తగ్గించడానికి సాఫ్ట్‌నర్ పెట్టాం గానీ, నీళ్ళని దాని పక్కనుంచి దాటించే బైపాస్ వాల్వు తెరిచే ఉంది. అలాగే వదిలేస్తే హీట్ పంపు కాయిల్‌కి తెల్లటి పొర కడుతుంది. కాఠిన్యం కిట్‌తో సాఫ్ట్‌నర్ తర్వాతి కొళాయి నీళ్ళు పట్టి చూస్తేనే దొరికింది.

కరెంటు పరీక్షలో అసలు సంగతి, మెయిన్ బ్రేకరు నిజంగా ఆపి చూడటం. జనరేటరు 12 సెకన్లలో అందుకుంది, అందరూ సంతోషించారు. లిఫ్టు మాత్రం కదల్లేదు. జనరేటరు వైపు మూడు ఫేజుల (కరెంటు తీగల) వరస తిరగబడి ఉంది. లిఫ్టులో దాన్ని పసిగట్టి ఆపేసే రిలే ఉంటుంది కాబట్టి ఆగిపోయింది. పంపులకి ఆ రిలే లేదు, ఎదురు తిరుగుతూనే ఉన్నాయి. “మోటారు తిరగతా ఉండాది కదా సార్, ఇంగేంది చూసేది?” అన్నాడు ఎలక్ట్రీషియన్. సెంట్రిఫ్యూగల్ పంపు ఎదురు తిరిగినా కొంత నీరు పోస్తుంది, ప్రెషర్ మాత్రం రాదు. గేజీ చూపించాక రెండు ఫేజులు మార్చాడు. ఏపీఎస్పీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) కరెంటు మీద ఒకసారి, జనరేటరు మీద ఒకసారి, రెండుసార్లూ ప్రతి మోటారు తిరిగే దిక్కు చూసి రాసుకోవాలి.

ఫైర్ అలారంని విడిగా పరీక్షిస్తే అన్నీ పాసే. కానీ నిజంగా మంటలొస్తే కరెంటు కూడా తీసేస్తారు. కాబట్టి రెండూ కలిపి చేశాం: మెయిన్ ఆపి, మూడో అంతస్తు కారిడార్‌లో డిటెక్టరు మీద పొగ స్ప్రే కొట్టాం. హూటర్లు మోగాయి, లిఫ్టు కిందికి వచ్చి తలుపు తెరుచుకుంది, మెట్లలోకి పొగ రాకుండా గాలి నెట్టే ఫ్యాను మాత్రం రాలేదు. దాన్ని జనరేటరు లేని ప్యానెల్‌కి కలిపారు. మార్పించాక ఇంకో చిక్కు. మెట్ల దగ్గర గాలి ఒత్తిడి 50 పాస్కల్స్ ఉండాల్సింది 80 చూపింది, వయసు మళ్ళినవాళ్ళు తోస్తే తలుపు తెరుచుకోదు. ఎక్కువైన గాలిని వదిలే రిలీఫ్ డ్యాంపరు బరువు సర్ది 50కి తెచ్చాం. మంటలార్పే నీళ్ళ లైను, హైడ్రాంటు, అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట తెరిచి 3.5 బార్ వచ్చిందని రాసుకున్నాం.

సెల్లారులో చేరిన నీళ్ళు తోడే సంపు మోటార్లు కూడా ఆ జనరేటరు లేని ప్యానెల్‌లోనే దొరికాయి. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతిలో ఇది చిన్న తప్పు కాదు. వాన గట్టిగా పట్టినప్పుడే కరెంటు పోయేది. ట్యాంకర్‌తో నీళ్ళు పోయించి, ఫ్లోట్ లేచి ఒక మోటారు, అది చాలకపోతే రెండోది అందుకోవడం కళ్ళారా చూశాకే సంతకం పెట్టాను.

మధ్యలో ముహూర్తం వచ్చింది. పరీక్షలు సగంలో ఉండగా ప్రారంభం అంటే అన్నీ ‘తర్వాత చూద్దాం’లోకి పోతాయి. పాలు పొంగించడానికి ఒక పొయ్యి, సిలిండరు చాలు. పూజ ఆ రోజే చేయించి, గదులు 24 రోజుల తర్వాత తెరిచాం.

మురుగునీటి ప్లాంటు మాత్రం జనం వస్తేగానీ కుదురుకోదు. నడుస్తున్న ఇంకో ప్లాంటు నుంచి సూక్ష్మజీవులున్న బురద తెచ్చి పోసినా మూడు, నాలుగు వారాలు పట్టింది.

నేర్పించడం రాత్రి డ్యూటీ కుర్రాళ్ళతో మొదలుపెట్టాను. ఇబ్బంది వచ్చేది వాళ్ళ వేళలోనే. ఏ వాల్వు ఎక్కడుందో ఫోన్లో వీడియో తీయించి, ప్యానెల్ తలుపులకి తెలుగులో కాగితం అంటించాం.

మేం పూర్తిచేసింది జనవరిలో. ఆ చలిలో ఏసీ చల్లగా రాకపోతే వింత. అందుకే ఏసీ పరీక్ష మే నెలకి వాయిదా అని హ్యాండోవర్ కాగితంలో రాసి, ఆ బిల్లులో కొంత అట్టిపెట్టాం. మేలో పడమటి వైపు గదులు మధ్యాహ్నం మూడింటికి 28 దిగలేదు. మేడ మీద ఔట్‌డోర్ యూనిట్లు పిట్టగోడకి మరీ దగ్గరగా ఉండి, వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటున్నాయి. వాటిని జరిపి గాలి పైకి పోయేలా డక్టు బిగించాక 24కి వచ్చింది. గ్యారంటీ 12 నెలలు. 10వ నెలలోనే చెక్‌లిస్టు పట్టుకుని అన్ని అంతస్తులూ మళ్ళీ తిరిగాం. 17 పాయింట్లు దొరికాయి, అట్టిపెట్టిన డబ్బు అవి పూర్తయ్యాకే వదిలాం.