బ్రిటన్‌లో సిగరెట్ మానేవాళ్లకి మొదటి వేప్ ఏది?

వేప్ అంటే నికోటిన్ ఉన్న లిక్విడ్‌ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్. సిగరెట్ అలవాటు లేనివాళ్లు దీని జోలికే వెళ్లొద్దు. ఈ సలహా బ్రిటన్‌లో ఉంటూ సిగరెట్ వదిలించుకోవాలనుకునే పెద్దవాళ్ల కోసం.

వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని అక్కడ 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. ఇక మిగిలినవాటిలో మళ్లీ నింపుకునే చిన్న పాడ్ కిట్ (బ్యాటరీ, దానికి తగిలించే పాడ్ అనే లిక్విడ్ గది) తీసుకోండి. కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్ట) నిరోధం 0.8 నుంచి 1.2 ఓమ్‌ల మధ్య ఉంటే సిగరెట్‌లాగే బిగువుగా పీల్చుకోవచ్చు. ఆవిరి మేఘాలు వదిలే పెద్ద మోడ్‌లు (ఎక్కువ శక్తితో పనిచేసే వేప్‌లు) కొత్తవాళ్లకి దండగ, లిక్విడ్ తాగేస్తాయి.

పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) సగం సగం ఉన్న నికోటిన్ సాల్ట్ (గొంతుకి మృదువుగా తగిలే నికోటిన్ రకం) లిక్విడ్ కొనండి. రోజుకో పెట్టె కాల్చేవాళ్లకి మిల్లీలీటరుకు 20 మి.గ్రా. (అక్కడి చట్టం ఒప్పుకునే గరిష్ఠం అదే), తక్కువ కాల్చేవాళ్లకి 10. బలం చాలకపోతే మళ్లీ సిగరెట్ దగ్గరికే పోతారు; ఎక్కువైతే తల తిరుగుతుంది, వికారం.

కొత్త పాడ్ నింపాక పది నిమిషాలు ఆగాలి. లోపలి దూది తడవకముందే పీలిస్తే మాడిపోతుంది, ఆ మాడు రుచి ఇక పోదు, కాయిల్ మార్చాల్సిందే. గురగురమంటూ నోట్లోకి లిక్విడ్ వస్తోందా? గట్టిగా పీల్చడం తగ్గించండి, పాడ్ తీసి టిష్యూతో తుడవండి. తీపి ఎక్కువున్న ఫ్లేవర్లకి కాయిల్ తొందరగా నల్లబడుతుంది.

లిక్విడ్ సీసా పిల్లలకి అందకూడదు, మింగితే విషం.

ఇండియాకి వచ్చేటప్పుడు మాత్రం వేప్‌ని అక్కడి ఇంట్లోనే వదిలేసి రండి. 2019 చట్టం ప్రకారం ఇక్కడికి తేవడమే నేరం.