సింగపూర్ నుంచి న్యూయార్క్: కాగితం మీద నేను వేసిన లెక్క

సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి మధ్యలో ఆగకుండా వెళ్లే విమానంలో టికెట్ చూస్తే, ప్రయాణం పద్దెనిమిదిన్నర గంటలకు పైనే అని ఉంది. ప్రపంచంలోని అతి దూరపు సర్వీసుల్లో ఇదొకటి. అన్ని గంటలు ఎందుకో తేలకుండా డబ్బు కట్టబుద్ధి కాలేదు. కాగితం, పెన్సిల్ తీసుకున్నాను.

గోడ పటం ఇందుకు పనికిరాదు. ధ్రువాలకు దగ్గరయ్యే కొద్దీ అది నేలను సాగదీసి చూపిస్తుంది. అందుకే అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నాను. చాంగీ 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. కెన్నెడీ 40.64 ఉత్తరం, 73.78 పశ్చిమం. సైన్లు, కొసైన్లతో కుస్తీ తప్పదనుకుంటూ ముందు రేఖాంశాలు కలిపాను: 177.77. దాదాపు 180! అంటే ఈ రెండు చోట్లూ ఉత్తర ధ్రువానికి చెరో వైపున, ఎదురెదురుగా ఉన్నాయి. కాబట్టి అతి దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. ఇక త్రికోణమితి అక్కర్లేదు. చాంగీ నుంచి ధ్రువానికి 88.64 డిగ్రీలు, అక్కడి నుంచి కెన్నెడీకి 49.36. మొత్తం 138. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున 8,280. ఒక్కోటి 1.852 కిలోమీటర్లు కనుక దూరం సుమారు 15,330 కి.మీ. తరువాత పూర్తి సూత్రంతో సరిచూస్తే తేడా పది కిలోమీటర్లు కూడా రాలేదు. ఇంత సులువుగా లొంగే జంట మళ్లీ దొరకడం కష్టమే.

పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కి.మీ. వేగంతో పోతుంది. భాగిస్తే 17 గంటలు. మరి టికెట్‌లో ఆ మిగతా సమయం?

కొంత నేల మీదే పోతుంది. గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు చేరేదాకా లెక్కించేదే ప్రయాణ సమయం. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగమూ తక్కువే. అసలు తిరకాసు గాలిది. జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున వేగంగా సాగే గాలి ప్రవాహం, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అందుకని ధ్రువపు దగ్గరి దారి వదిలి, జపాన్ వైపు తిరిగి పసిఫిక్ మీదుగా చుట్టుదారిన వెళ్లడమే చాలాసార్లు లాభం. గంటకు 100 కి.మీ. వెనకగాలి పది గంటలు దొరికితే వెయ్యి కిలోమీటర్లు ఉచితంగా వచ్చినట్టే. నేను ఎక్కిన రోజూ సీటు ముందు తెరలో విమానం బొమ్మ తూర్పుకే తిరిగింది. పక్కాయన దారి తప్పామేమోనని కంగారు పడ్డారు. ఆయనకు గాలి సంగతి చెప్పేసరికి భోజనం వచ్చింది.

గడియారం లెక్క ఇంకా తమాషా. వేసవిలో న్యూయార్క్ సింగపూర్ కంటే 12 గంటలు వెనక. మధ్యాహ్నం 12కు బయలుదేరి పద్దెనిమిదిన్నర గంటలు ఎగిరినా, అదే తేదీన సాయంత్రం ఆరున్నరకు దిగుతాం. రెండూ స్థానిక సమయాలే కనుక తీసివేస్తే ఆరున్నర గంటలే కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో అదే తీసివేత ముప్పై గంటలు దాటుతుంది. పైగా నవంబరు మొదటి ఆదివారం న్యూయార్క్ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, సింగపూర్‌లో ఆ పద్ధతే లేదు. నా తిరుగు ప్రయాణం ఆ ఆదివారం తరువాత పడింది. అందుకే చాంగీలో ఎక్కాల్సిన తరువాతి విమానం టికెట్‌ను 13 గంటల తేడాతో లెక్క వేశాకే కొన్నాను.