సమ్మర్ ప్యాలెస్‌కి మధ్యాహ్నం వెళ్తే: నా అనుభవం

బీజింగ్‌లో చైనా చక్రవర్తుల పాత విడిది తోట సమ్మర్ ప్యాలెస్. దానికి పొద్దున్నే వెళ్లమంటారు. మాకు జూలైలో, అదీ మధ్యాహ్నం కుదిరింది. ఎండ వేళ వెళ్లేవాళ్లు ఏ గేటు నుంచి లోపలికి వెళ్లాలన్నది బాగా ఆలోచించుకోవాలి. మేం ఉత్తర గేటు ఎంచుకున్నాం.

టికెట్లు పాస్‌పోర్టు నంబర్ల మీద ముందే తీసుకున్నాం. వట్టి ప్రవేశానికి ఒక టికెట్టు, లోపలి కట్టడాలన్నీ కలిపి ఇంకొకటి. రెండోదే తీసుకోండి. పాస్‌పోర్టు వెంట ఉండాలి.

నాలుగో లైను మెట్రోలో బేగోంగ్‌మెన్ దగ్గర దిగితే ఆ గేటు దగ్గరే. అక్కడి నుంచి దీర్ఘాయువు కొండ ఎక్కాలి గానీ, వెనకవైపంతా చెట్ల నీడే. పైనుంచి కున్‌మింగ్ సరస్సు కనబడగానే చెమట సంగతి మర్చిపోయాం. సుమారు 290 హెక్టార్ల తోటలో ముప్పావు వంతు నీళ్లే! 1750లో చ్యెన్‌లుంగ్ చక్రవర్తి తల్లి షష్టిపూర్తి పేరిట దీన్ని మొదలుపెట్టించాడు. సరస్సు తవ్విన మట్టి ఈ కొండ మీదే పోశారు.

పడమటి వైపు దిగితే రాతి ఓడ వస్తుంది. అడుగు రాయి, పైదంతా పాలరాయిలా రంగేసిన కర్ర. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు ఈ తోటను తగలబెట్టాయి. ఆ బ్రిటిష్ సేనలో మన దేశపు సిపాయిలూ ఉన్నారని తలుచుకుంటే మనసు చివుక్కుమంది. తర్వాత రాజమాత త్సిషీ నౌకాదళం సొమ్ము మళ్లించి దీన్ని తిరిగి కట్టించింది.

ఓడ దగ్గర్నుంచి తూర్పుకి సరస్సు ఒడ్డునే 728 మీటర్ల వసారా. ఎండ తగలకుండా అంత దూరం నడవొచ్చు. దూలాల మీద వేల బొమ్మలు. తలెత్తి చూస్తూ పోతుంటే ఒకచోట ‘పశ్చిమ యాత్ర’ అనే పాత చైనా కథలోని కోతి వీరుడూ, గుర్రమెక్కిన భిక్షువూ! చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో చదువుకున్న హ్యుయాన్‌త్సాంగే ఆ కథలో భిక్షువు. మన ధాన్యకటకం దాకా వచ్చిన మనిషి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అక్కడే బల్ల మీద కూర్చుని మా పిల్లలకి ఆయన గురించి చెప్పాను.

వసారా దాటాక యూలాన్ మందిరం. దీన్ని మాత్రం వదలొద్దు. 1898లో సంస్కరణలు తలపెట్టిన గ్వాంగ్‌షు చక్రవర్తిని త్సిషీ నిర్బంధించింది. ఇక్కడ ఉంచినప్పుడు పక్క గదుల దారులు మూసేస్తూ కట్టించిన ఇటుక గోడ ఇంకా ఉంది. బయట అంత సరస్సు, లోపల తలుపు వెనకాల గోడ. తోటలో నేను ఎక్కువసేపు నిలబడింది ఈ గోడ ముందే.

లోపలి మందిరాలు బయటి గేట్లకంటే ముందే మూసేస్తారు. కాబట్టి పదిహేడు కమానుల వంతెన చివరికి పెట్టుకోండి. 150 మీటర్ల వంతెన, కటకటాల స్తంభాల మీద 544 రాతి సింహాలు. అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. దాని దగ్గర్లోనే తూర్పు ఒడ్డున ఇంకో గేటు ఉంది, మళ్లీ కొండెక్కక్కర్లేదు.