గోడ అవతలి గేదెలు

మథురలో రైలు దిగేసరికి తెల్లవారుజాము ఐదున్నర. జనవరి మంచులో టీ అమ్మే మనిషి గొంతు వినిపిస్తోంది కానీ మనిషి కనిపించడం లేదు. అక్కడి నుంచి బస్సులో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చేరి, కేవలాదేవ్ జాతీయోద్యానం గేటు దగ్గర సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాను. లోపలికి సొంత కార్లు పోనివ్వరు. అందుకు ఎవరికో దండం పెట్టాలి. రిక్షా తొక్కే సర్దార్జీకి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి, నా వాటికంటే మంచివి.

పక్షులను చూడటానికి వచ్చాను కనుక ముందు వాటి సంగతి చెప్పాలి. తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, అప్పటికే తల్లులంత ఎదిగినా ఇంకా నోళ్లు తెరుస్తూ గోల చేసే వాటి పిల్లలు. నీళ్ల మీద తెల్ల ముక్కుల బొల్లికోళ్లు వందల్లో. ఒక గట్టు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. సారస పక్షుల జంట ఒకటి పొగమంచులోంచి నడిచొచ్చి, మమ్మల్ని లెక్కచేయకుండా దారి దాటిపోయింది. ఇంతవరకూ ఎవరు వెళ్లినా రాసేదే.

లోపల సపన్ మోరీ అనే కూడలి దాటాక సర్దార్జీ రిక్షా ఆపి, కుడివైపు చూడమన్నాడు. నాకు పచ్చిక మైదానమే కనిపించింది. "అది మైదానం కాదు సాబ్, చెరువు. అడుగున నీళ్లున్నాయి. గడ్డి మీద నుంచి కప్పేసింది" అన్నాడు. ఒక బాతుల గుంపు దాని మీదుగా చుట్టూ తిరిగి, దిగడానికి చోటు దొరకక అవతలి మడుగుకు వెళ్లిపోయింది. "గేదెలుంటే ఇలా ఉండేది కాదు" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత నేను పక్షుల గురించి తక్కువగానే అడిగాను.

ఇక్కడి నీటిమడుగులు ప్రకృతి ఇచ్చినవి కావు. భరత్‌పూర్ రాజులు అజాన్ కట్ట నుంచి నీళ్లు మళ్లించి, గట్లు కట్టించి, బాతుల వేట కోసం తయారు చేయించుకున్నవి. గుడి దగ్గర రాతి పలకల మీద ఆ వేటల లెక్కలన్నీ చెక్కి ఉన్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన రోజున కూలిన పక్షులు 4,273. ఒక్కరోజులో! ఆ వేటల కాలంలోనూ చుట్టుపక్కల ఊళ్ల గేదెలు ఈ నీళ్లలో దిగి మేస్తూనే ఉండేవి. తుపాకులకూ గేదెలకూ తట్టుకుని కూడా పక్షులు ఏటా వచ్చేవి.

1982లో దీన్ని జాతీయోద్యానం చేశారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయోద్యానంలో పశువులను మేపకూడదు. ఆ ఏడాది నవంబరులో మేత ఆపేశారు. ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. చుట్టూ రెండు మీటర్ల గోడ ఉండనే ఉంది. సర్దార్జీకి అప్పుడు ఇరవై ఏళ్లట. పక్కింటివాళ్లకు పదకొండు గేదెలు ఉండేవనీ, మేత కొనలేక ఏడాది తిరగకుండా ఎనిమిది అమ్మేశారనీ చెప్పాడు. కాల్పుల గురించి మాత్రం అడిగినా చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

నిషేధం వెనుక దురుద్దేశం లేదు. గేదెలు గూళ్ల చెట్ల కింద తొక్కుతాయనీ, మొక్కలు తినేస్తాయనీ పక్షి శాస్త్రజ్ఞులే భయపడ్డారు. అయితే అదే సమయంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వి.ఎస్. విజయన్ నాయకత్వంలో అక్కడ పదేళ్ల అధ్యయనం చేస్తోంది. గేదెలు వెళ్లాక ఏం జరిగిందో వాళ్ల కళ్ల ముందే తేలింది. గణుపుల గడ్డి ఒకటి నీటి మీద చాపలా అల్లుకుపోయింది. గేదె మెడలోతు నీళ్లలో దిగి ఆ గడ్డిని పీకి తింటుంది. కాళ్లతో బురద కలియబెడుతుంది. వేసిన పేడ నీటిలో పురుగులకూ, వాటి ద్వారా చేపలకూ ఆహారమవుతుంది. అది లేకపోయేసరికి గడ్డి పెరిగి, చచ్చి, అక్కడే కుళ్లింది. తేట నీరు తగ్గింది, చేపలు తగ్గాయి, వాటిని తినే పక్షులూ తగ్గాయి. గేదె ఊరికే చేసిన పనికి తర్వాత కూలీలనూ బుల్డోజర్లనూ పెట్టాల్సి వచ్చింది. పరిమితంగా మేత మంచిదే అని అధ్యయనం తేల్చింది. కానీ చట్టంలో 'పరిమితంగా' అన్న మాట లేదు.

సైబీరియా కొంగలు 2002 తర్వాత ఇక్కడికి రాలేదు. ఆ పాపం గేదెలు లేకపోవడం మీదికే నెట్టేయడం తప్పవుతుంది. వలస దారి పొడవునా వాటిని వేటాడేవాళ్లు ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే, భరత్‌పూర్‌లో గేదెలను వెళ్లగొట్టిన మరుసటి ఏడాది, 1983లో, నెదర్లాండ్స్‌లో ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే చిత్తడి నేలలోకి పనిగట్టుకుని హెక్ జాతి పశువులను తెచ్చి వదిలారు, నేల పొదలమయం కాకుండా మేస్తాయని. తర్వాత గుర్రాలను, ఎర్ర జింకలను తెచ్చారు. మేత బాగానే సాగింది. కానీ అక్కడా చుట్టూ కంచే. వేటాడే జంతువు లేదు, బయటికి పోయే దారి లేదు. 2017-18 చలికాలంలో మూడు వేలకు పైగా జంతువులు పోయాయి, వాటిలో ఎక్కువ భాగం ఆకలితో చిక్కిపోయాక కాల్చి చంపినవే. జనం కంచె మీదుగా ఎండుగడ్డి విసిరారు. మనవాళ్లు పశువులను పూర్తిగా వద్దన్నారు, వాళ్లు లెక్క లేకుండా పెరగనిచ్చారు. మందలో ఎన్ని ఉండాలి, ఎన్ని నెలలు మేయాలి అని ప్రతి ఏడాదీ కూర్చుని లెక్క వేయడం విసుగు పుట్టించే పని. ఆ పనిని రెండు చోట్లా తప్పించుకున్నారనిపించింది.

మన నంద్యాల జిల్లా రోళ్లపాడుకు నేను ఒకసారి బట్టమేక పక్షి కోసం వెళ్లాను. 614 హెక్టార్ల గడ్డి నేల. కృష్ణజింకలు కావలసినన్ని కనిపించాయి, బట్టమేక కనిపించలేదు. దారిలో కలిసిన గొర్రెల కాపరి "కంచె లేనప్పుడు ఉండేవి సార్" అన్నాడు. అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు. కంచే కారణమని ఇప్పుడూ తీర్పు చెప్పను. కానీ భరత్‌పూర్‌లో రిక్షాలో కూర్చుని ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను.

తిరుగు దారిలో పొడినేల మీద ఆవుల మంద ఒకటి ఎదురైంది. ఎవరివని అడిగితే సర్దార్జీ నవ్వాడు. "ఎవరివీ కావు. ఎప్పుడో లోపల చిక్కుకున్నవాటి పిల్లలు. అడవి ఆవులు." కొమ్ములు పైకెత్తి మమ్మల్ని చూసి, మనుబోతుల్లా సర్కారు తుమ్మ పొదల్లోకి పరిగెత్తాయి. పాలిచ్చే గేదెలను ఆపిన గోడ లోపల, ఎవరికీ పాలివ్వని ఆవులు. వాటి మేతకు ఏ చట్టమూ అడ్డు రాలేదు. అవి చదువుకోలేదు మరి.

సాయంత్రం గోడ వెంబడి బస్టాండు వైపు నడిచాను. మురుగు కాలువలో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకున్నాయి. గట్టు మీద ఒక పిల్లవాడు వాటికి కాపలా కాస్తూ ఫోను చూసుకుంటున్నాడు. రాత్రి రైల్లో నోటుపుస్తకం తీసి ఆ రోజు చూసిన పక్షుల జాబితా పూర్తి చేశాను. నలభై ఆరు రకాలు. కింద ఇంకో గీత గీసి రాశాను: గేదెలు, గోడ బయట, తొమ్మిది.