టైఫాయిడ్ కాదు

మా బంధువుల లెక్కలో నాకు వచ్చింది టైఫాయిడ్. నాన్న అలాగే చెప్పారు, అమ్మ అలాగే చెప్పింది, మా మామ్మయితే "గుంటకి టైపాడు జొరం" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. నాకు వచ్చింది టీబీ. ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టే రకం. మందులు ఆపేసి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు తాపీగా రాస్తున్నాను.

ముందు చదువు సంగతి చెప్పాలి. తాతయ్య భూమి విశాఖ స్టీల్ ప్లాంటు కింద పోయింది. భూమి పోయిన కుటుంబాలకి ఇచ్చే ఆర్ కార్డు మీద నాన్నకి అందులోనే ఉద్యోగం వచ్చింది. "మనకి ఎకరాల్లేవమ్మా, నీ చదువే మన ఎకరం" అన్న మాట ఏడో తరగతి నుంచి వింటున్నాను. 2021 జనవరిలో ప్లాంటును ప్రైవేటుకి అమ్మాలని కేంద్రం నిర్ణయించాక ఆ మాట ఇంకా బిగుసుకుంది. నాన్న ఆ అమ్మకం వద్దంటూ కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చి, అన్నం ముందు నా మార్కులు అడిగేవారు. బైపీసీ, ఆ తర్వాత ఎంబీబీఎస్. ఇందులో నన్ను అడిగింది ఏమీ లేదు.

నాకేమో సముద్రం పిచ్చి. బీచ్‌లో అటవీ శాఖ వాళ్లు తాబేలు పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంటే చిన్నప్పుడు చూశాను, అప్పటినుంచీ. ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవుల మీద చదువు ఉందని తెలుసుకుని ఒకసారి ధైర్యం చేసి చెప్పాను. "చేపల చదువా? దానికి డిగ్రీ ఎందుకు, పూర్ణా మార్కెట్లో బుట్ట పెట్టుకుని కూర్చుంటే చాలదా?" అన్నారు నాన్న. మామ్మ నవ్వింది. ఆ ముచ్చట అక్కడితో సరి.

2023 మేలో మొదటిసారి నీట్ రాస్తే 720కి 412 వచ్చాయి. గవర్నమెంటు సీటుకి ఆ మార్కులు చాలవు, డబ్బు కట్టి చేరే సీటుకి మేం చాలం. లాంగ్‌టర్మ్‌లో వేశారు, అంటే మళ్లీ నీట్ రాయడానికి ఏడాదంతా కోచింగే. ఊరికి ఈ చివర మా ఇల్లు, ఆ చివర మధురవాడ దాటాక హాస్టల్. గదికి ఎనిమిది మందిమి. దోమల భయంతో కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. పొద్దున్న ఐదున్నరకి స్టడీ అవర్ మొదలైతే రాత్రి పదిన్నరకి వదిలేవారు. ఆదివారం టెస్టు, సోమవారం నాన్న ఫోనుకి మార్కుల మెసేజ్. వాటిని ఆయన ఒక నీలం అట్ట డైరీలో ఎక్కించేవారు. తేదీ, మార్కులు, ర్యాంకు, పక్కన ఎర్ర పెన్నుతో ఎంత పెరిగిందీ ఎంత తగ్గిందీ. ఆ డైరీ సంగతి మళ్లీ వస్తుంది.

అక్టోబరులో దగ్గు మొదలైంది. పొడి దగ్గు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారుజామున చెమటకి దిండు తడిసిపోయేది. హాస్టల్‌కి వచ్చే డాక్టరు దగ్గు మందు రాశాడు. రెండోసారి వెళ్తే స్టెతస్కోపు మెడలోంచి తియ్యనే లేదు. "లాంగ్‌టర్మ్ పిల్లలకి ఇదంతా మామూలేనమ్మా, ఎగ్జామ్ టెన్షన్" అని నిద్రకి ఏదో మాత్ర రాసి పంపించాడు. 48 కిలోల దాన్ని 39కి దిగిపోయాను. సన్నబడ్డావే, ఏం చేస్తున్నావు అని అడిగినవాళ్లూ ఉన్నారు. కుడి డొక్కలో పోటు. ఊపిరి నిండా తీసుకుంటే పొడిచినట్టు ఉండేది, అందుకని సగం సగం తీసుకోవడం అలవాటైపోయింది.

డిసెంబరు మొదటి వారం, మిచౌంగ్ తుఫాను రోజులు. తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా ఇక్కడా వాన ఆగలేదు. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. పడుకుంటే గాలి అందడం లేదు. లేచి కూర్చుంటే కొంచెం అందుతోంది. కరెంటు లేదు. నా పక్క మంచం అమ్మాయి, శ్రీకాకుళం వైపు పిల్ల, అందరి దిండ్లూ లాక్కొచ్చి గోడకి పేర్చి నన్ను ఆనించి కూర్చోబెట్టింది. ఒక మాట పూర్తిగా పలకలేకపోతున్నాను. 'వార్డెన్‌ని పిలు' అనడానికి మూడు చోట్ల ఆగాను.

వార్డెన్ వచ్చింది. "ఈ వానలో ఎక్కడికి తీసుకెళ్తాం, తెల్లారనీ" అని నాన్నకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. నాన్న నిద్రమత్తు గొంతుతో, "ఏటమ్మా, మళ్లీ దగ్గేనా? ఎల్లుండి గ్రాండ్ టెస్టు ఉంది కదా, అది రాసీ. రాసేక నేనొచ్చి తీసుకెళ్లిపోతాను" అన్నారు.

గదిలో అందరూ విన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. శ్రీకాకుళం పిల్ల ఒక్కతే ఫోను మీదకి వంగి, "అంకుల్, దీనికి ఊపిరాడ్డం లేదు! టెస్టేంటి అంకుల్!" అని అరిచింది. వార్డెన్ ఫోన్ కట్ చేసి దాన్నే తిట్టింది.

తెల్లారేదాకా నేను చేసిన పని ఊపిరి లెక్కపెట్టుకోవడం. వందకి చేరితే మళ్లీ ఒకటి నుంచి. చచ్చిపోతానని గట్టిగానే అనిపించింది. సిగ్గులేకుండా ఇంకోటి కూడా చెబుతాను. మధ్యమధ్యలో ఫిజిక్స్‌లో చదవకుండా వదిలేసిన చాప్టర్లు గుర్తొచ్చి, ఎల్లుండి టెస్టులో ఎన్ని మార్కులు పోతాయో కూడా లెక్కేసుకున్నాను.

నాన్న ఐదున్నరకి వచ్చారు. ఆ వానలో, బండి మీద, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. ఫోన్ పెట్టేశాక ఆయన మళ్లీ పడుకోలేదని అమ్మ తర్వాత చెప్పింది. కావచ్చు. ఆ మాట అన్నది కూడా ఆయనే.

ఆసుపత్రి సంగతులు సాగదీయను. ఎక్స్‌రేలో కుడివైపు సగానికి పైగా తెల్లగా ఉంది. వీపులో సూది గుచ్చి నీరు తీశారు. లీటరు పైనే వచ్చింది, లేత పసుపు రంగు, చూడ్డానికి పల్చటి నూనెలాగ. సీసా నిండుతుంటే నాన్న దాన్నే చూస్తూ నిలబడ్డారు. టీబీ అని తేలాక డాక్టర్ని ఆయన అడిగిన మొదటి ప్రశ్న "సార్, మే నెలకి తగ్గిపోతుందా?" నీరు తీసినంతసేపూ నా చెయ్యి వదలని నర్సమ్మ ఆ మాటకి ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ ఒక్క చూపుకి ఆవిడకి జీవితాంతం దండం పెట్టొచ్చు.

డాక్టరు మంచివాడే. కనిపెట్టాడు, బతికించాడు. కానీ డిశ్చార్జి రోజు గొంతు తగ్గించి, "ఆడపిల్ల కదా, బయట ఎక్కడా చెప్పకండి. రేపు సంబంధాలకి ఇబ్బంది" అన్నాడు. టైఫాయిడ్ అక్కడ పుట్టింది. నాది ఇంట్లోవాళ్లకి అంటుకునే అవకాశం చాలా తక్కువని చెప్పిందీ ఆయనే. అయినా ఇంటికొచ్చేసరికి నా కంచం వేరు, గ్లాసు వేరు.

పరగడుపున మూడు మాత్రలు, ఇటుక రంగువి. మొదటిరోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తం అనుకుని బాత్రూంలోంచి కేకపెట్టాను. అది మందు రంగేనట. ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? రెండు నెలలు వాంతులు, కీళ్ల నొప్పులు. ఆ నీలం డైరీలో డిసెంబరు 3 దాకా నా మార్కులు ఉంటాయి. పేజీ తిప్పితే 39.2. కింద ఆరు నెలల మాత్రల టిక్కులు. ప్రతి ఆదివారం నాన్న నన్ను కాటా ఎక్కించేవారు. ఫిబ్రవరిలో ఒక వారం మూడు వందల గ్రాములు తగ్గాను. అదే ఎర్ర పెన్ను, అదే గొంతు. "ఎందుకు తగ్గింది? ఎక్కడ అశ్రద్ధ చేశావు?" నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నైట్ షిఫ్టు దిగొచ్చిన రోజు కూడా ఆరింటికి నీళ్ల గ్లాసుతో మంచం పక్కన ఉండేవారు. నన్ను నాకే వదిలేస్తే, ఒంట్లో బాగుందని మూడో నెలలో మానేసేదాన్ని. అలా మధ్యలో మానేస్తే అది మందులకి లొంగని మొండి టీబీ అయి కూర్చునే ప్రమాదం ఉంది.

అమ్మ మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్లింది. గర్భగుడికి పైకప్పు లేని తల్లి, ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమ వెయ్యొచ్చు. అమ్మవారే ఊపిరి పోసిందని అమ్మ, మాత్రలని నేను. మరుసటి మార్గశిరంలో మాత్రం ఎవరూ రమ్మనకుండానే వెళ్లి క్యూలో నిలబడ్డాను. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

2024 మే 5న నీట్. అప్లికేషన్ నాన్న ఎప్పుడో పెట్టేశారు. ఆ పొద్దున్న మాత్రల పక్కన హాల్‌టికెట్ కూడా పెట్టారు. మాత్రలు వేసుకున్నాను. హాల్‌టికెట్ ముట్టుకోలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. పరీక్ష ముగిసే ఐదూ ఇరవై దాకా వరండాలోనే కూర్చుని, లేచి డ్యూటీకి వెళ్లిపోయారు. జూన్‌లో మందులు అయిపోయాయి. ఆ నెలంతా టీవీలో నీట్ పేపర్ లీకు గొడవే. రాయకపోవడమే మంచిదైందని ఆయన అంటారేమో అని ఎదురుచూశాను. అనలేదు. ఇప్పుడు డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. ఫీజు కట్టారు, సంతకం పెట్టారు. చేపల ఊసు మాత్రం ఎత్తరు.

హాస్టళ్లలో పిల్లలున్న అమ్మానాన్నలకి ఒకటి చెప్పుకుంటాను. దగ్గు రెండు వారాలు దాటితే టెన్షన్ అని మీరే తేల్చెయ్యకండి. గవర్నమెంటు ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. మందులు వాడే వాళ్లకి తిండి ఖర్చుకి అప్పట్లో నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొన్న శ్రావణంలో అనకాపల్లిలో పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన మా పెద్దత్త. "పాపం, ఆ టైఫాయిడ్ రాకపోయుంటే ఈపాటికి సగం డాక్టరయ్యేది" అంది. ఎదురు వరసలో నాన్న అవునన్నట్టు తల ఊపుతున్నారు.

"టైఫాయిడ్ కాదత్తా, టీబీ. తగ్గిపోయింది."

అమ్మ మోచేత్తో పొడిచింది. అత్త తన నీళ్ల గ్లాసు కొంచెం అటు జరుపుకుంది. నాన్న నా వైపు చూశారు, నా ఆకు వైపు చూశారు. వడ్డించే అబ్బాయిని పిలిచి, "బాబూ, ఇటు దీనికి ఇంకో బూరె వెయ్యి, నెయ్యి కూడా" అన్నారు. "ఇంకా నలభై ఏడు దగ్గరే ఉంది."