బావ సన్నబడ్డాడు సరే, దేనివల్ల?

మా బావ పిండిపదార్థాలు తగ్గించి సన్నబడ్డాడు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు బరువు మాటెత్తినా ఆయన చూపించే సాక్ష్యం ఒక్కటే: "నన్ను చూడండి!" మా చెల్లి ఊరుకోదు. "ఒక్కడికి జరిగితే రుజువైపోతుందా బావా?" అంటూ ఫోన్‌లో ఏదో రీసెర్చ్ పేపర్ తీస్తుంది.

బావది అబద్ధం కాదు. బెల్టుకి కొత్తగా పొడుచుకున్న చిల్లులు నేనూ చూశాను. కాకపోతే ఆయన అదే సమయంలో కూల్‌డ్రింకులు మానేశాడు, అర్ధరాత్రి తిండి ఆపాడు, నడక మొదలెట్టాడు. ఇన్ని మార్చుకుని ఘనతంతా ఒక్కదానికే కట్టబెడితే ఎలా? పైగా మొదటి వారం ముల్లు గబగబా దిగిందని తెగ మురిసిపోయాడు. అందులో చాలా భాగం నీళ్ళే. కాలేయంలో, కండరాల్లో ఒళ్ళు దాచుకున్న చక్కెర నిల్వని గ్లైకోజెన్ అంటారు, అది ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు తగ్గితే ఆ నిల్వ కరుగుతుంది, నీరూ పోతుంది. ఇది చెబితే బావ ముఖం ముడుచుకున్నాడు.

చెల్లి తీసే పేపర్ 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళది. 609 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కొవ్వు తక్కువ తిండి, ఇంకో జట్టుకి పిండిపదార్థాలు తక్కువ తిండి. ఏడాది తర్వాత చూస్తే సగటున కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు, రెండోవాళ్ళు 6 కిలోలు తగ్గారు. ఆ కాస్త తేడా కాకతాళీయం కూడా కావచ్చు. చెల్లి ఇక్కడితో పేపర్ మూసేస్తుంది. నాకైతే అసలు సంగతి ఆ సగటు వెనకే ఉందనిపిస్తుంది. రెండు జట్లలోనూ దాదాపు 30 కిలోలు తగ్గినవాళ్ళున్నారు, 10 కిలోల దాకా పెరిగినవాళ్ళూ ఉన్నారు. ఎవరికి ఏది పడుతుందో జన్యువులను బట్టో, ఇన్సులిన్‌ను బట్టో ముందే చెప్పొచ్చేమోనని చూశారు. కుదరలేదు.

అంటే బావలాంటివాళ్ళు ఆ పేపర్లోనూ ఉన్నారు. అదే తిండి తిని లావెక్కినవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళు "నన్ను చూడండి" అనరు కదా.

పరిశోధన అన్నంత మాత్రాన కళ్ళకద్దుకోనక్కర్లేదు, అది వేరే సంగతి. క్యారెట్ లాంటివాటిలో ఉండే బీటా కెరోటిన్ అనే పోషకం ఉన్న తిండి బాగా తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని మొదట్లో గమనించారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళలో కొందరికి బీటా కెరోటిన్ బిళ్ళలు, కొందరికి ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చి పరీక్షిస్తే, 1994లో తేలిందేమిటంటే, అసలు బిళ్ళ వేసుకున్నవాళ్ళకే ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ.

తన ఒంటి విషయంలో బావకి తన అనుభవం చాలు, నాకేం పేచీ లేదు. మొన్న మా అమ్మతో "అత్తయ్యా, మీరూ రేపట్నుంచి మొదలెట్టేయండి" అన్నప్పుడు మాత్రం గట్టిగా అడ్డుపడ్డాను. అమ్మ షుగర్ బిళ్ళలు వేసుకుంటుంది. కొన్ని రకాల బిళ్ళలు వేసుకుంటూ డోసు మార్చకుండా తిండి ఒక్కసారిగా మార్చేస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. చెల్లి అప్పటికే ఫోన్ తీసింది. అమ్మ ఇద్దర్నీ ఆపి, ఈసారి డాక్టర్ దగ్గరికి బావనే తోడు రమ్మంది, ఆ చెప్పేదేదో డాక్టర్ ఎదుటే చెప్పమని.